నిద్రలేమి: పరిశోధన మనసు నుంచి శరీరం వైపు మళ్లిన తీరు

నిద్రపట్టనివారితో "అనవసరంగా ఆలోచించకు, నిద్ర అదే వస్తుంది" అనడం మనకు అలవాటు. ఈ మాట ఎంతవరకు నిజమో పరిశోధనల చరిత్రలో గమనించండి.

1967లో అమెరికాలో లారెన్స్ మన్రో బాగా నిద్రపోయేవారినీ, సరిగా నిద్రపట్టనివారినీ ప్రయోగశాలలో పోల్చాడు. రెండో వర్గంవారి శరీర ఉష్ణోగ్రత నిద్రకు ముందూ, నిద్రలోనూ ఎక్కువగా ఉంది.

శరీరం వాడుకునే ఆక్సిజన్‌ను కొలిస్తే జీవక్రియ వేగం తెలుస్తుంది. 1995లో మైకేల్ బానెట్, డోనా అరాండ్ ఇదే పద్ధతిలో వయసు, బరువు, లింగం సరిపోలినవారిని పరీక్షించారు. నిద్రలేమి ఉన్నవారిలో ఆ వేగం రాత్రే కాదు, పగలు కూడా ఎక్కువగా ఉంది.

ఇది నిద్ర చాలకపోవడం వల్ల వచ్చిన ఫలితమా? ఈ సందేహం మీకూ రావాలి. 1996లో వారే ఆరోగ్యవంతులను వారంపాటు నిద్రలేమి ఉన్నవారి తీరులోనే నిద్రపోనిచ్చారు. వారికి పగటి మత్తు పెరిగింది. నిద్రలేమి ఉన్నవారి లక్షణాలు మాత్రం రాలేదు.

ఇవి చిన్న బృందాలపై జరిగిన అధ్యయనాలు. సగటు తేడాలనే చెబుతాయి. అయినా ఒక విషయం స్పష్టం: నిద్రలేమి ఒక్క రాత్రి సమస్య కాదు, ఇరవై నాలుగు గంటలదీ. బాధితుణ్ణి నిందించడం పరిష్కారం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1995 పరిశోధనకు 1996 పరిశోధన ఎందుకు అవసరమైంది?