రైలుబండియు మన మర్యాదయు

చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున, పులికాటు సరస్సు పడమటి యొడ్డున మా తడ గ్రామము కలదు. 2022 వరకు ఇది నెల్లూరు జిల్లాలోనిది. పిదప తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లాలు మారినను, 1953లో రాష్ట్రములే వేరైనను, మావారి చూపు దక్షిణమునకే. వైద్యమునకు, చదువునకు, కొలువునకు పట్టణము పోవుట మాకు తరతరాల యలవాటు. ఆ ప్రయాణ మెట్లు మారినదో, దానితోపాటు మన నడవడి యెంతవరకు మారినదో విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

రైలు రాకముందు ప్రయాణమనగా తెలిసినవారితో కలిసి పోవుట. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరుగురు పరివారమును వెంటనిడుకొని పోయి, 1831 సెప్టెంబరులో మరలివచ్చిరి. అంతటి సంపద లేనివారును తమ యూరివారి తోడు చూచుకొనియే కదలెడివారు. మాప్రాంతమున నీటిదారియు నుండెను. 1806లో పట్టణమునుండి ఎన్నూరువైపు త్రవ్వ నారంభించి, పిదప పులికాటు సరస్సు మీదుగా ఉత్తరమునకు పొడిగించిన కాలువకు 1878లో బకింగ్‌హాం కాలువ యని పేరు వచ్చినది. ఉప్పు, ధాన్యము, వంటచెరకు దానిపై పట్టణము చేరెడివి. పడవ మెల్లగా నడచునది. అందు కూర్చున్నవారు ప్రొద్దు వాలులోపల నొకరికొకరు వరుసలు కలుపుకొనక తప్పదు.

రైలుబండి యీ పద్ధతిని తలక్రిందులు చేసినది. దక్షిణదేశమున మొదటి బండి 1856 జులై 1వ తేదీన రాయపురమునుండి ఆర్కాటు స్టేషను వరకు నడచెను. 1899లో బెజవాడకును చెన్నపట్టణమునకును నడుమ దారి పూర్తియై, మా తీరమువారికి పట్టణము కొన్ని గంటల దూరమున నిలిచెను. రైలు కంపెనీలు హిందువులకు కులమునుబట్టి పెట్టెలు వేయలేదు. చెల్లించిన రూకలనుబట్టి తరగతులు వేసిరి. ఐరోపియనులకు వేరుగా పెట్టెలుంచిన యన్యాయమును, స్టేషనులలో హిందువులకును మహమ్మదీయులకును వేరువేరుగా నీళ్లిచ్చిన వింతయు నుండకపోలేదు. అయినను, ఊరిలో నొకరి నీడ నొకరు తప్పించుకొని నడచినవారు మూడవతరగతి బల్లపై మోచేతులు తాకించుకొని కూర్చుండవలసి వచ్చెను. ఉపన్యాసములు చేయలేని పనిని టిక్కెట్టు చేసినది.

కాని ప్రక్కప్రక్కన కూర్చున్నంతమాత్రమున మర్యాద పుట్టునా? పుట్టదని ప్రభుత్వమువారికి త్వరలోనే తెలిసినది. 1890 నాటి రైల్వే చట్టమును చదివినచో నాటి పెట్టెలోని తగవులన్నియు కన్నులకు గట్టును. ప్రతిపెట్టెలో నెందరు కూర్చుండవచ్చునో అందరికి కనబడునట్లు వ్రాయవలెను. 1891 జనవరి 1 మొదలు ప్రతి ప్రయాణికుల బండిలో నట్టడుగు తరగతియందు ఒక పెట్టెయైనను స్త్రీలకు ప్రత్యేకింపవలెను; బండి 50 మైళ్లకు మించి పోవునదైనచో ఆ పెట్టెలో మరుగుదొడ్డి యుండవలెను. తోడివారి సమ్మతి లేక పొగ త్రాగినచో 20 రూపాయల వరకు జుల్మానా. అన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచినది వేరొకటి: నిండని పెట్టెలోనికి న్యాయముగా ఎక్కవచ్చిన ప్రయాణికుని అడ్డగించినవానికిని 20 రూపాయల వరకు జుల్మానా. దాని స్థానమున వచ్చిన 1989 నాటి చట్టమును ఈ నిషేధమును విడువలేదు. నూరేండ్లకును మాననివారమైతిమి గాబోలు!

1917లో గాంధీమహాత్ముడు బొంబాయినుండి చెన్నపట్టణమునకు మూడవతరగతిలో వచ్చి, తాను పడిన పాట్లను పత్రికలకు వ్రాసిరి. 22 మందికని వ్రాసియున్న పెట్టెలో ఒకప్పుడు 35 మందికి తక్కువ లేరట. ఆయన కంపెనీవారిని నిందించి యూరకుండలేదు. చదువుకొన్నవారు తామును ఆ తరగతిలోనే పోయి, పెట్టెలోని మురికిని, మొరటుదనమును సంస్కరింప యత్నింపవలెనని కోరిరి. 1974లో మూడవతరగతి యను పేరు పోయినది. పేరుతోపాటు నడవడియు పోయెనేని నేనీ వ్యాసము వ్రాయవలసిన పని లేకుండెడిది.

కొన్నియేండ్ల క్రిందట ఒకయుదయమున పట్టణమునకు బోవుచు తలుపునకు దగ్గరగా కూర్చుండి చరిత్రగ్రంథ మొకటి చదువుకొనుచుంటిని. నడుమ నొక చిన్న స్టేషనులో ఒక ముసలమ్మ గంపతో తలుపుకడకు వచ్చి, “నాయనా, రవ్వంత జరగండయ్యా” అని వేడుకొనెను. “చోటు లేదవ్వా, వెనకపెట్టెకి పో” అని లోపలినుండి నలుగురు కేకవైచిరి. వారిలో నొకడు అంతకుముందు స్టేషనులో నిట్లే బ్రతిమాలి యెక్కినవాడు. నా ప్రక్కన బల్లమీద నా సంచి యుండెను. దానిని ఒడిలో నుంచుకొన్నచో ఒకరు కూర్చుండవచ్చును. నేను తలయెత్తలేదు. బండి కదలెను, ఆమె గంపతో నచ్చటనే నిలిచిపోయెను. ఆనాడు ఒక నిమిషము ఆలస్యముగా పుస్తకము మూసితిని.

మా యూరివీథిలో ఆమెయే వచ్చి నీళ్లడిగినచో, మా యింటివారు ముందుగా కూర్చుండుమని పీట వేసెడివారు. ఆ మర్యాద బండిలో నేమైనది? మన ధర్మశాస్త్రములు అతిథిని గూర్చి యెంతయో చెప్పినవి. కాని యా ధర్మమునకు ఒక గడపయు, గడపకొక గృహస్థుడును కావలెను. రైలుపెట్టెకు గృహస్థుడు లేడు. అందు ముందెక్కినవాడును అతిథియే, వెనుక వచ్చినవాడును అతిథియే. అట్టిచోట ముందెక్కినవాడు తానే యజమానుడనని తలచి తలుపు మూయును గాని, యజమానుడు చేయదగిన యాదరము చేయడు. అవ్వ, మామ, అన్న యను వరుసలు తెలిసినవారికి సరిపోయినవి. ముఖమెరుగనివారిపట్ల మెలగవలసిన తీరును మనము బిడ్డలకు నేర్పలేదు, మనమును నేర్వలేదు.

ఈ చదువు పాఠశాలలో నావంటివాడు చెప్పిన చాలదు. చెప్పినవాని సంచి బల్లమీదనే యుండెను గదా! ఇండ్లలో తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని పోవునప్పుడు, దిగువారిని ముందు దిగనిచ్చి, ఎక్కువారికి చేయందించి, సంచి నొడిలో నుంచుకొని చూపవలెను. బిడ్డలు మన మాటలకంటె మన చేతులను చూచి నేర్చుకొందురు. ఇప్పుడు నేను పట్టణము పోవునప్పుడెల్ల సంచిని ఒడిలోనే యుంచుకొనుచున్నాను. ఆ స్టేషను వచ్చినప్పుడు తలుపువైపు చూచుచుందును. ఆమె మరల కనబడలేదు.