ఇతిహాసము సాక్ష్యమగునా? హస్తినాపురపు త్రవ్వకములు

మహాభారతము జరిగిన కథయా, కల్పించిన కథయా అను ప్రశ్న తరగతిలో తరచు వచ్చుచుండును. ఇతిహాసమనగా 'ఇట్లు జరిగెను' అని అర్థము గనుక అది చరిత్రయే యని కొందరందురు. అందు అతిమానుష విషయములున్నవి గనుక అంతయు కట్టుకథ యని మరికొందరందురు. రెండును తొందరపాటు మాటలే. గ్రంథము పేరు దేనికిని రుజువు కాదు. ఒక ఘట్టము నమ్మరానిదైనంత మాత్రమున ప్రక్క ఘట్టము అబద్ధము కానక్కరలేదు. ఏ మాటను ఏ సంగతికి సాక్ష్యముగా తెచ్చుచున్నామో, దానిని వేరొక మార్గమున పరీక్షింప వీలున్నదో లేదో చూడవలెను.

అట్టి పరీక్ష ఒకటి నిజముగా జరిగినది. భారతకథ ముగిసిన తరువాతి కురురాజుల వంశావళిని పురాణములు చెప్పుచున్నవి. పరీక్షిత్తునకు ఐదవ తరమువాడైన నిచక్షుని కాలమున గంగ పొంగి హస్తినాపురమును కొట్టుకొనిపోయెననియు, అతడు కౌశాంబికి తరలిపోయెననియు అందులో ఉన్నది. ఇందు దేవతలు లేరు, దివ్యాస్త్రములు లేవు. వంశమునకు కీర్తి తెచ్చు సంగతియు కాదు. కవికి దీనిని కల్పింపవలసిన అవసరమేమియు కనబడదు.

ఉత్తరప్రదేశములోని మీరట్ జిల్లాలో గంగ పాత పాయ ప్రక్కన హస్తినాపురమను పేరుగల దిబ్బలున్నవి. భారత పురావస్తుశాఖకు చెందిన బి. బి. లాల్ 1950–52లో అక్కడ త్రవ్వకములు జరిపినారు. క్రింది పొరలలో ఒకదానియందు బూడిదరంగు పలుచని పాత్రల పెంకులు దొరికినవి. వానిపై నల్లని గీతలు, చుక్కలు చిత్రింపబడియున్నవి. ఆ పొరలోని యిండ్లు మట్టివి, రెల్లుతడికలకు మట్టి మెత్తినవి. వరిగింజలు, గుఱ్ఱపుటెముకలు దొరికినవి. పై భాగమున ఇనుపచిట్టెము కనబడినది. ఈ వసతి పెద్ద వరదతో ముగిసినది. దిబ్బ అంచు నీటికి కోసుకొనిపోయిన గుర్తు స్పష్టముగా నున్నది. నది పాత గర్భములో బోరులు వేసి చూడగా కొట్టుకొనిపోయిన దిబ్బమట్టి లోతున చిక్కినది. లాల్ ఆ వరదను సుమారు క్రీ. పూ. 800 నాటిదని అంచనా వేసినారు.

పురాణవాక్యమునకు మట్టి సాక్ష్యము పలికినట్లే యున్నది. కాని ఎంతవరకు? ఒక ప్రాచీన వసతి వరదపాలైనదని మాత్రమే తేలినది. గంగ యొడ్డున వరద వింత కాదు. అట్టి పెంకులు భారతములో పేర్కొన్న అహిచ్ఛత్ర, మథుర వంటి చోట్లనే కాక, అందు పేరెత్తని వందలాది గ్రామములలోను దొరికినవి. కనుక ఆ పాత్రలను పాండవుల పాత్రలనుట చెల్లదు. ఇది పరిస్థితులనుబట్టి చేసిన ఊహయే గాని ప్రత్యక్ష నిదర్శనము కాదని లాల్ తన నివేదికలో స్వయముగా హెచ్చరించినారు. వార్తలలో హస్తినాపురము మెరసినంతగా ఈ హెచ్చరిక మెరయలేదు!

యుద్ధకాలము సంగతి మరింత చిక్కు. కర్ణాటకలోని ఐహొళె శాసనము భారతయుద్ధము జరిగి 3735 ఏండ్లయినదని చెప్పును. దాని కాలము శక 556, అనగా క్రీ. శ. 634. ఆ లెక్కన యుద్ధము క్రీ. పూ. 3102 నాటిది. వరాహమిహిరుడు చెప్పిన లెక్కనుబట్టి క్రీ. పూ. 2449 వచ్చును. పరీక్షిత్తు పుట్టుకనుండి నందుని పట్టాభిషేకము వరకు పురాణప్రతులలో 1015, 1050, 1500 ఏండ్లని పాఠభేదములు కలవు. తరములు లెక్కించి పార్గిటర్ పండితుడు క్రీ. పూ. 950 ప్రాంతమున నిలిపినాడు. ఐహొళె శాసనము శిలాక్షరమే గదా యని సంతోషింపరాదు. ఏడవ శతాబ్దిలో జనులేమి నమ్మిరో దానికే అది సాక్ష్యము.

అయితే పురాణవంశావళులన్నియు వట్టివేనా? కావు. తెలుగుదేశమున దీనికి మంచి ఉదాహరణ కలదు. పురాణములు ఆంధ్రరాజులని పేర్కొన్న శాతవాహనులలో గౌతమీపుత్రుడు, పులుమావి, యజ్ఞశ్రీ నాసిక్ శాసనములలోను నాణెములపైనను కనబడినారు. గోదావరి యొడ్డునున్న కోటిలింగాలలో వంశస్థాపకుడైన సిముకుని నాణెములు దొరికినవి. అక్కడనే గోభద, సమగోప అను రాజుల నాణెములును దొరికినవి. ఈ పేర్లు పురాణములకు తెలియనే తెలియవు! వంశము మొత్తము ఏలిన కాలమో, ఒకచోట 460 ఏండ్లు, వేరొకచోట 300 ఏండ్లు. పేర్లు చాలవరకు నిజము, లెక్కలు కలగాపులగము.

పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయచే భారతమును తెలుగు చేయించిన రాజరాజనరేంద్రుడు పాండవులను తన వంశకర్తలుగానే తలచినాడు. వారిని గూర్చి ఆ గ్రంథము రుజువు చేయునది తక్కువ. చాళుక్యరాజు తన్నెట్లు భావించుకొన్నాడో, నాటి తెలుగు ఎట్లుండెనో తెలుపుటకు దానిని మించిన సాక్షి అరుదు.

హస్తినాపురమున మిగిలిన కొరత ఒక్క పేరు. శాతవాహనుల విషయమున నాణెము పేరు చెప్పినది. గంగాతీరమున మనము చదువగల వ్రాతలు అశోకుని నాటివి, అనగా క్రీ. పూ. మూడవ శతాబ్దివి. బూడిదరంగు పాత్రలు చేసినవారు వానిపై గీతలు గీసినారు, చుక్కలు పెట్టినారు. అక్షరములు మాత్రము వ్రాయలేదు.