మోటబావి కొలత

గోదావరికి దక్షిణమున జగిత్యాల, కోరుట్లలును, మానేటి యొడ్డున సిరిసిల్లయును గల ఈ సీమలో, చెఱువు నిండని యేట పైరును కాపాడిన ఆదరువు మోటబావియే. తెరచాప వైశాల్యమును బట్టి నావికుడు త్రాళ్లు బిగించు వించ్‌ను ఎన్నుకొనునట్లే, ఇచ్చటి రైతు బావి లోతును, ఎడ్ల సత్తువను, ఊటను మనసులో తూచుకొని బొక్కెన పరిమాణమును నిర్ణయించెడివాడు. వించ్‌నకు పిడి పొడవును పండ్లచక్రములును బలమును హెచ్చించును. మోటగిరకకు అట్టి మహిమ లేదు, అది లాగు దిక్కును మార్చును గాని బరువును తగ్గింపదు. ఆ లోటు తీర్చుటకే బావి దరినుండి ఏటవాలు దారిని త్రవ్విరి: దిగుచు లాగు ఎడ్లకు వాని బరువే తోడగును, తోలువాడును మోకుపై కూర్చుండి తన బరువును జోడించును.

పైగిరకమీది లావు మోకు బొక్కెనను లేపుచుండగా, క్రింది కొయ్యపై జాఱు సన్నత్రాడు ఆ బొక్కెన తోలుతొండమును పైకి మడిచి పట్టియుంచును. దరి చేరగానే తొండము ముందుకు సాగి, మనిషి చేయి తగులకయే తొట్టిలో నీరు క్రుమ్మరించును. సన్నత్రాడు కొంచెము పొడవెక్కువైనచో తొండము వ్రేలాడి, నీరంతయు నడిబావిలోనే కాఱిపోవును. పిమ్మట ఎడ్లు వెనుకడుగులు వేయుచు గట్టెక్కవలెను.

తోలు కుట్టినవారు మాదిగలు, గిరక చెక్కినవారు వడ్రంగులు, ఇరుసు సాగగొట్టినవారు కమ్మరులు; వీరి శ్రమఫలము కళ్లములో గింజలుగా ముట్టెడిది. కాలక్రమమున తోలు బొక్కెనకు మారుగా రేకు బొక్కెనయు, అటుపై ఆయిలింజనును, కరెంటు మోటారును వచ్చినవి. 1963లో పోచంపాడున నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కాకతీయ కాలువ ద్వారా ఈ సీమకు గోదావరిని తెచ్చినది. కాలువ యందని చేలకు బోరులే శరణ్యమైనవి.

బొక్కెనలో బురద కనబడగానే మోటవాడు ఎడ్లను విప్పి, వానికి మేత వేసి, ఊట ఊరువరకు చెట్టునీడను కూర్చుండెడివాడు. మోటారు కొనునపుడు అశ్వశక్తిని లెక్కించితిమి. ఆ చెట్టుక్రింది నిరీక్షణను లెక్కింపమైతిమి. నేడు వట్టిపోయిన బోరు ప్రక్కనే, త్రాడు లేని గిరకకు కాచుకొన్నట్లు, పాతబావి మోటరాళ్లు నిలిచియున్నవి.