ఐసోటోపు

ఈ మాటకు పురుడు పోసింది వృత్తికి డాక్టరు, నవలలు కూడా రాసిన మార్గరెట్ టాడ్. గ్లాస్గోలో మామగారింటి విందులో ఫ్రెడరిక్ సాడీ తన చిక్కు చెప్పుకున్నాడు: కొన్ని పరమాణువుల రసాయన గుణాలు ఒక్కటే, బరువులు వేరు, ఆవర్తన పట్టికలో గడి మాత్రం ఒకటే. వీటిని ఏమనాలి? గ్రీకులో ‘ఐసోస్’ అంటే సమానం, ‘టోపోస్’ అంటే చోటు. రెండూ కలిపి ఇచ్చిందావిడ. 1913లో సాడీ దాన్ని అచ్చులోకెక్కించాడు. 1921 నోబెల్ ఆయనకొచ్చింది. పేరు పెట్టినావిడ ఊసెత్తేవాళ్లు తక్కువ.

తమాషా ఏమిటంటే, ‘ఒకే చోటు’ అనే ఈ మాటే ఇప్పుడు చోట్లు మారినవాళ్ల జాడ తీస్తోంది. 2002లో ఇంగ్లండులో, స్టోన్‌హెంజ్‌కు దగ్గర్లోని ఏమ్స్‌బరీలో దాదాపు 4,300 ఏళ్లనాటి సమాధి బయటపడింది. రాగి కత్తులు, బంగారు నగలు, రాతి బాణపు మొనలు. వాటి మధ్య ఎడమ మోకాలిచిప్ప లేని ఓ మనిషి. పంటి మీది పింగాణి పొర చిన్నతనంలో గట్టిపడ్డాక ఇక మారదు. అప్పట్లో తాగిన నీటి గుర్తు అందులో ఉండిపోతుంది. చలి ప్రాంతాల వాననీటిలో బరువైన ఐసోటోపు ఆక్సిజన్-18 తక్కువ. ఆ లెక్కన ఈయన పెరిగింది ఆల్ప్స్ పర్వతాల చుట్టుపక్కల.

రాయిని బట్టి ఐసోటోపుల పాళ్లు మారే స్ట్రాన్షియం ఇంకో సాక్షి. రాతి నుంచి మట్టికి, మట్టి నుంచి గింజకు, గింజ నుంచి పంటికి చేరుతుంది. ఒకే రకం రాయి నాలుగు దేశాల్లో ఉండొచ్చు గనుక అది చెప్పేది ప్రాంతమే, ఊరు కాదు. అన్నట్టు, ఆ మూలకం పేరు మాత్రం అచ్చంగా ఊరిదే: స్కాట్లండులోని స్ట్రాన్షియన్.