ఆఫ్‌గ్రిడ్ ఇంటి వైరింగు: లోపాలు పట్టుకునే పద్ధతి

కరెంటు లైను చేరని కొండ మీది ఇల్లు, అడవి అంచు పాక, పొలంలోని కాపలా గది వంటి చోట్ల సొంత సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలతో నడిచే ఏర్పాటును ఆఫ్‌గ్రిడ్ వ్యవస్థ అంటారు. ఇక్కడ దీపం మసకబారినా ఫ్యాను నెమ్మదించినా ముందుగా అనుమానం బ్యాటరీ మీదికే పోతుంది. చాలాసార్లు అసలు దోషం వదులైన జాయింటులోనో, సన్నటి వైరులోనో ఉంటుంది.

అమరిక

ప్యానెల్ నుంచి వచ్చే కరెంటు ఛార్జ్ కంట్రోలర్ గుండా బ్యాటరీకి చేరుతుంది. అక్కడి నుంచి 12 వోల్టుల డీసీ దీపాలకు నేరుగా, 230 వోల్టుల ఏసీ పరికరాలకు ఇన్వర్టర్ ద్వారా వెళ్తుంది. గోడ సాకెట్లలో వాడే నియాన్ టెస్టర్ 12 వోల్టులకు వెలగదు. కాబట్టి ఇక్కడ మల్టీమీటర్ తప్పనిసరి.

వోల్టేజి నష్టం

12 వోల్టుల వైరింగులో తరచుగా ఎదురయ్యే చిక్కు ఇదే. 60 వాట్ల పరికరం 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. అది బ్యాటరీకి 20 మీటర్ల దూరంలో ఉంటే, రానూ పోనూ వైరు పొడవు 40 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు ఆ పొడవులో దాదాపు 0.48 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అంటే 2.4 వోల్టులు దారిలోనే పోయి, పరికరానికి అందేది పది వోల్టుల లోపే. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.6 వోల్టులకు తగ్గుతుంది. అదే 60 వాట్లను 230 వోల్టుల మీద పంపితే కరెంటు పావు ఆంపియరే కాబట్టి, సన్న వైరులో కూడా నష్టం లెక్కలోకి రాదు.

జాయింట్ల పరీక్ష

లోడు లేనప్పుడు చెడ్డ జాయింటు కూడా పూర్తి వోల్టేజి చూపించి మోసం చేస్తుంది. అందుకే దీపాలు, ఫ్యాను వేసి ఉంచి కొలవాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొనను జాయింటుకు ఇవతల, రెండోదాన్ని అవతల ఆనించాలి. మంచి జాయింటు దగ్గర దాదాపు సున్నా కనిపిస్తుంది. 10 ఆంపియర్లు పారుతుండగా 0.8 వోల్టులు కనిపిస్తే, ఆ చిన్న స్క్రూ దగ్గర 8 వాట్లు వేడిగా మారుతున్నట్టు. అలాంటి చోట ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, రాగి తీగల మీద చిలుము పట్టి ఉంటుంది. ఆ ముక్క కత్తిరించి, తీగను మెరిసేలా గీకి, కొత్త లగ్గు వేసి బిగించాలి.

తనిఖీ క్రమం

1. బ్యాటరీ: కొన్ని గంటలు ఛార్జింగు, లోడు రెండూ లేకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల పైన, సగంలో 12.2 దగ్గర చూపిస్తుంది. 11.8కి పడితే దాదాపు ఖాళీ అయినట్టే.
2. ఫ్యూజు: కంటితో చూసి వదిలేయక, రెండు కొనల దగ్గరా వోల్టేజి కొలవాలి.
3. ప్యానెల్: 36 సెల్‌ల ప్యానెల్ మంచి ఎండలో, లోడు లేకుండా 20 వోల్టుల పైన చూపాలి.
4. కంట్రోలర్: ఎండ ఉన్నా బ్యాటరీ వోల్టేజి పెరగకపోతే ప్యానెల్ వైర్లు, కంట్రోలర్ చూడాలి.
5. ఇన్వర్టర్: మోటారు మొదలవుతుండగానే ఆగిపోతే ఇన్వర్టర్ సామర్థ్యంతో పాటు బ్యాటరీ కేబుళ్ల మందాన్ని కూడా చూడాలి.

భద్రత

ఇన్వర్టర్ ఇచ్చే 230 వోల్టులు లైను కరెంటు లాగే ప్రాణం తీస్తాయి. 12 వోల్టులు షాక్ కొట్టకపోయినా, బ్యాటరీ టెర్మినళ్ల మీద స్పానర్ అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారి నిప్పు పుడుతుంది. ప్లస్ కేబుల్‌కు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చిలో నిప్పురవ్వ తొందరగా ఆరుతుంది. డీసీలో ఆ వీలు లేదు. డీసీకి తగిన స్విచ్చిలే వాడాలి. ఛార్జింగులో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక గదికి గాలి ఆడాలి, దీపం, బీడీ దగ్గరకు రానివ్వకూడదు. కంట్రోలర్ విప్పేటప్పుడు ముందు ప్యానెల్ వైర్లు, తర్వాత బ్యాటరీ వైర్లు తీయాలి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్.

కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంట్లోని ప్రతి జాయింటునూ లోడు మీద కొలవాలి. చిలుము పట్టిన జాయింటు అలాగే ఉంటే, కొత్త బ్యాటరీతోనూ దీపం మసకగానే వెలుగుతుంది.