పొడి మీది పొర

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అదే లోహాన్ని మెత్తటి పొడి చేసి కాస్తే, ఆ వేడి దాటాక కూడా రేణువులు కలిసి ముద్దవ్వవు. గాలి సోకగానే ప్రతి రేణువు చుట్టూ అల్యూమినా అనే ఆక్సైడ్ పొర కమ్ముకుంటుంది. మందం కొద్ది నానోమీటర్లే. కానీ అది కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. లోపలి లోహం ద్రవమైపోయినా పైతొడుగు పట్టు వదలదు.

పోత పనివాళ్లకు, వెల్డింగ్ చేసేవాళ్లకు ఈ పొర ఎప్పుడూ శత్రువే. అతుకును కుదరనివ్వదు. పోతలో చిక్కుకుంటే ముక్క అక్కడే చిట్లుతుంది.

అయితే ఆ పొరలోని బలాన్ని 1940ల చివర్లో స్విట్జర్లాండ్‌లో కనిపెట్టారు. ఇర్మన్ అనే లోహ శాస్త్రజ్ఞుడు రేకుల్లా నూరిన అల్యూమినియం పొడిని అచ్చులో నొక్కి, కాచి, జంతికల గొట్టంలోంచి పిండిని దింపినట్టు కడ్డీలుగా తీశాడు. ఆ ఒత్తిడికి పొరలు పగిలి, వాటి తునకలు లోహమంతటా చెదిరిపోయాయి. వేడెక్కినప్పుడు లోహం జారకుండా ఆ తునకలే అడ్డుపడ్డాయి.

అంతకుముందు 1906లో జర్మనీలో విల్మ్ కనిపెట్టిన డ్యూరాల్యూమిన్‌కు బలం రాగి కలిసిన సూక్ష్మ కణాల వల్ల వచ్చేది. 200 డిగ్రీలు దాటితే అవి ముతకబారి బలం పడిపోయేది. అల్యూమినా అయితే అల్యూమినియంలో కరగదు. అందుకే ‘సాప్’ అని పేరుపడ్డ ఇర్మన్ లోహం 400 డిగ్రీల దగ్గరా నిలబడింది. చరిత్రలో విల్మ్‌కు దక్కిన పేరు ఇర్మన్‌కు దక్కకపోవడం అన్యాయమే.

1960లలో ఇటలీలోని ఇస్ప్రాలో యూరప్ దేశాల అణుశక్తి సంస్థ యూరాటమ్ చేపట్టిన ‘ఆర్గెల్’ రియాక్టర్ పథకంలో ఇంధన తొడుగులకు సాప్‌నే ఎంచుకున్నారు. లోపాలూ లేకపోలేదు. సాప్ సాగేది కాదు, పెళుసు. పొర పట్టుకున్న తేమ వేడికి హైడ్రోజన్‌గా మారి లోహంలో బొబ్బలు లేపేది.

ఆ దారిని మార్చినవాడు అమెరికాలో ఇన్‌కో కంపెనీ పరిశోధకుడు జాన్ బెంజమిన్. పొర దానంతటదే ఏర్పడేదాకా చూడకుండా, 1960ల రెండో సగంలో ఆయన నికెల్ పొడినీ ఆక్సైడ్ పొడినీ కలిపి, గుండ్లతో నూరే బాల్ మిల్లులో గంటల తరబడి నూరాడు. జెట్ ఇంజన్ల వేడికి తట్టుకునే మిశ్రలోహాలు అలా పుట్టాయి.

హైదరాబాద్‌లోని లోహపు పొడుల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులతో కలిసి, ఫాస్ట్ రియాక్టర్ల కోసం ఇదే పద్ధతిలో యిట్రియం ఆక్సైడ్ కలిపిన ఉక్కు గొట్టాలు తయారుచేశాయి.