వాకిటి చెట్ల పద్దు

మా సీమలో చెట్టూ చేమా కాగితం మీదికి ఎక్కింది పూలకోసం కాదు, పన్నుకోసం. 1792లో శ్రీరంగపట్టణం ఒడంబడికతో బారామహల్ టిప్పు చేయి జారి కుంపిణీకి చిక్కింది. కృష్ణగిరీ, మా మత్తూరు వైపు ఊళ్ళూ అందులోవే. కొండమీది హొసూరు ఇంకో ఏడేళ్ళకు, టిప్పు పడిపోయాక వచ్చింది. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో చేలు కొలిపించి, నంజ, పుంజ, తోట అని విడదీసి, రైతు పేరున పన్ను వేశారు. ఆ కాగితాలను 1907 నుంచి మద్రాసు ప్రభుత్వం సంపుటాలుగా అచ్చువేసింది. ఇంటిముందరి నాలుగు చెట్లకు పన్ను రాదు, కాబట్టి పద్దూ లేదు. మన్రో మాత్రం ధర్మపురిలో తనకంటూ ఒక తోట పెంచుకున్నాడు. పన్ను వేసిన చేతికి పాదులు తీసే ముచ్చటా ఉండింది.

వాళ్ళు వదిలేసిన పద్దు నేను రాస్తున్నా. తెలుగు బడిలో టీచరుగా చేసి దిగినదాన్ని, హాజరుపట్టీ అలవాటు పోలేదు. పేరు, నాటిన నెల, ఎవరిచ్చారు, ఎంత ఎత్తు, ఉందా పోయిందా: ఇవీ గళ్ళు. కొత్తగా చూసేవాళ్ళు ఎత్తు గడినే చూస్తారు. చరిత్రంతా ‘ఎవరిచ్చారు’ గడిలో ఉంది.

మా అవ్వ కాలంలో వాకిట్లో పొదలే లేవు. పొద ఉంటే పాము చేరుతుందని భయం. పేడనీళ్ళు చల్లి ముగ్గు పెట్టేందుకు నేల నున్నగా ఉండాలి, గరిక మొలిచినా పెరికేసేవాళ్ళు. నీడకు కానగ మానో వేప మానో, ఒక మూల మునగ, నడుమ తులసికోట. పూలచెట్లన్నీ ఇంటివెనక, జాలాడి నీళ్ళు పారేచోట: కనకాంబరం, నందివర్ధనం, చంద్రకాంత. ఈనాడు నా పుస్తకంలో సగం పేజీలు తినేస్తున్న వాకిటి పొద తర్వాత వచ్చింది, కొండమీది నుంచి దిగి వచ్చింది.

హొసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, మేం ఘాటు కింద. హొసూరుకు 40 కిలోమీటర్లలో బెంగుళూరు లాల్‌బాగ్, 1760లో హైదరలీ మొదలుపెట్టించిన తోట. 1800లో కుంపిణీ తరఫున తిరిగిన బుకానన్ చూసేనాటికి అది చదరపు మళ్ళుగా ఉండేది. దారుల పక్కన సైప్రస్ మాన్లు. ఒక మడి నిండా గులాబీలే, ఇంకో మడి నిండా దానిమ్మలే. మా వాకిళ్ళకు అంత క్రమశిక్షణ ఏనాడూ లేదు, ఒకే పాదులో మూడు రకాలు పెడతాం. టిప్పు పోయాక ఆ తోటను చూసుకున్న బెంజమిన్ హైన్ అంతకుముందు సామర్లకోటలో కుంపిణీ తోట చూసినవాడు. అక్కడ ఆయనకు ముందున్న రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల మీద 300 బొమ్మల పుస్తకం వేయించాడు, మొక్కలకు తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. రీడ్, మన్రోల కంటే నాకు ఆయనే దగ్గరివాడు.

1908 నుంచి 1932 దాకా లాల్‌బాగ్ బాధ్యత జర్మనీవాడు క్రుంబీగల్‌ది. ఒకదాని పూత ముగిసేసరికి ఇంకొకటి పూసేట్టు బెంగుళూరు వీధుల్లో మాన్లు నాటించాడు. ఆగస్టు 15కు, జనవరి 26కు లాల్‌బాగ్‌లో జరిగే పూల ప్రదర్శన చూసొచ్చిన మావాళ్ళ సంచుల్లో క్రోటన్ కొమ్మలూ కాగితంపూల కొమ్మలూ ఉండేవి. కొన్నవెన్నో, విరిచినవెన్నో అడక్కూడదు.

కాగితంపూలది బ్రెజిల్. బిళ్ళగన్నేరుది మడగాస్కర్. బంతిది మెక్సికో. అవ్వ మనదే అనుకున్న చంద్రకాంతది పెరూ వైపు. నూరువరహాలు మాత్రం ఈ నేలదే. పరాయివని పీకెయ్యాలనే వాదన నాకు ఎక్కదు, బంతి లేకుండా దసరాకు గుమ్మం కట్టమనండి చూద్దాం. లంటానా సంగతి వేరు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు అందంకోసం తెచ్చిన పొద అది. కంచెకు బాగుందని జనం నాటారు, పిట్టలు పండ్లు తిని గింజలు చల్లాయి. ఇప్పుడు డెంకణికోట అడవుల్లో గడ్డి మొలిచే చోటంతా ఆక్రమించి పశువులకూ ఏనుగులకూ మేత లేకుండా చేస్తోంది. నేలను కమ్మేవాటిలో వయ్యారిభామ అంతకంటే మొండిది. 1950లలో పుణే దగ్గర కనబడిన కలుపు, మా వాకిట్లోకి ఎర్రమట్టి లోడుతో దిగింది. ‘ఎవరిచ్చారు’ గడిలో ‘ట్రాక్టరు’ అని రాశా.

లేతమాన్ల పేజీలు మాత్రం పక్కఊరివే. పోచంపల్లి దగ్గరి సంతూరు మామిడి అంట్ల ఊరు. టెంక నాటి పెంచిన మాను కాపుకు రావాలంటే ఏడెనిమిదేళ్ళు పైనే, అప్పటికి ఇంటిని కప్పేస్తుంది. అందుకే మామిడి తోపులో ఉండాల్సిందే గానీ వాకిట్లో కాదనేవాళ్ళు. అంటు ఆ మాట మార్చింది. పాతకాలంలో కుండీలోని మొలకను తల్లిమాను కొమ్మ ఎత్తుకు లేపి, రెండింటి బెరడూ కాస్త చెక్కి, ఒరిపి నారతో కట్టి, అతుక్కునేదాకా నెలల తరబడి ఆ ఎత్తులోనే నీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పుడు మొలక ఆకులు రాగిరంగులో ఉండగానే తల కోసి, కాడ చీల్చి, మొన తేల్చిన పుల్లను దించి ప్లాస్టిక్ పట్టీ చుట్టేస్తారు. టెంకలు గుజ్జు ఫ్యాక్టరీలవి. తోతాపురి రసం డబ్బాల్లోకి పోతుంది, టెంక నర్సరీ సంచిలోకి వస్తుంది.

మా ఇంటిముందర సేందూర ఒకటి, నీలం ఒకటి. అతుకు కిందనుంచి లేచే చిగురు టెంకది, దాన్ని వదిలేస్తే పైనున్న రకాన్ని చంపేస్తుంది. అందుకని చిగురు గిల్లిన తేదీకి వేరే గడి గీశా. మొదట్లో వచ్చే పూత కూడా తుంచాల్సిందే. ఇంటికొచ్చినవాళ్ళు చూసి పాపమంటారు.

హొసూరు ఫ్యాక్టరీల ఊరయ్యాక గులాబీ షెడ్లు వచ్చాయి. అముదగొండపల్లి టాన్‌ఫ్లోరా పూలపార్కు వైపు పూలు ఫిబ్రవరి 14కు విమానమెక్కుతాయి. షెడ్డు గులాబీని తెచ్చి మా ఎండలో పెట్టినవాళ్ళు మా వీధిలో ఉన్నారు, నేను పెట్టను. నాటుగులాబీ చాలు.

తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత బడికెళ్ళిన మనవరాలు కొత్త పద్దులు తమిళంలో రాస్తుంది. రాయనీ. టేపు పట్టుకుని కొలిచేది ఆమే. ‘ఎవరిచ్చారు’ గడి మాత్రం ఇంకా నేనే నింపుతున్నా, తెలుగులో.